కింద తోటకు మాటొచ్చింది

పొద్దున్నే పొయ్యి మీద టీ నీళ్ళు పడేసి దుర్గాభవాని పెరటి గుమ్మం దిగుతుంది. గుమ్మం పక్కనే, చేతికందే ఎత్తులో గంగాబొండాం కొబ్బరి చెట్టు ఉంది. గెలలోంచి ఒక కాయ మెలితిప్పి తెంపి, కత్తితో మూతి కొట్టి, నిలబడే తాగుతుంది. ఆ రోజు మావగారికి ఏం కావాలో ఆమెకు తెలిసేది అప్పుడే.

"ఆ పిల్లకి సెప్పు, నిన్న ఆవుకి తౌడు తక్కువేసింది."

"ఆ పిల్లకి సెప్పు, నానీపూట సోంపేట ఎల్తన్నాను. నాకు కూడొండొద్దని."

మాట నీళ్ళతో పాటే చల్లగా నాలుక మీదికి వస్తుంది. గొంతు అచ్చంగా మావగారు జగన్నాధానిదే, చివర్లో ఆ చిన్న దగ్గుతో సహా. ముందురోజు సాయంత్రం ఆయన తోటలో ఏదో చెట్టు మొదట్లో గొంతుక్కూచుని ఆ మాట చెప్పి ఉంటాడు.

గున్నపుట్టుగలో ఇది ఎవరికీ వింత కాదు. ఉద్దానంలో ఏ ఊరు చూసినా ఇళ్ళు తోటల్లోనే ఉంటాయి. కొబ్బరి పక్కన పనస, పనస నీడలో అనాస, సందు దొరికిన చోటల్లా కంద, పసుపు, అరటి. ఎక్కడ తవ్వినా వేరుకీ వేరుకీ మధ్య సాలీడు అల్లినట్టు తెల్లటి పోగులు కనిపిస్తాయి. ఊళ్ళో వాటిని తెల్లపీసు అంటారు. చెట్టు మొదట్లో కూచుని మనిషిని తలుచుకుని మాట చెబితే, అది తెల్లపీసు వెంట పాకి ఆ మనిషి తాగే బొండంలోకి చేరుతుంది. అదే బొండం ఇంకొకళ్ళు తాగితే ఉత్త తీపి నీళ్ళే. తోట చివర పనిచేసేవాళ్ళని కూటికి పిలవడానికి బాగుంటుంది. మాటలు మానేసుకుని ఒకే కప్పు కింద బతకాల్సిన వాళ్ళకి ఇంకా బాగుంటుంది.

జగన్నాధానిది ఆ రెండో అవసరం. ఆయన కొడుకు గోవిందు సముద్రం ఒడ్డున పేటలో చేపలమ్మే అసిరమ్మ కూతురు దుర్గాభవానిని ఇష్టపడి చేసుకున్నాడు. వ్యవసాయం తప్ప మరోటి తెలియని ఇంట్లోకి వల అల్లే పిల్ల కోడలుగా వచ్చిందని జగన్నాధం నోరు బిగించుకున్నాడు. ఆ నోరు విప్పించగలిగింది ఆయన పెళ్ళాం కూర్మమ్మ ఒక్కతే. పెళ్ళయిన కొద్ది రోజులకే తిత్లీ తుఫాను వచ్చింది. ఆవును విప్పడానికి పశువుల శాలలోకి వెళ్ళిన కూర్మమ్మ మీద గోడ కూలింది. తెల్లారేసరికి ఆవు మిగిలింది, ఆమె మిగల్లేదు.

ఆ తుఫానుకే కింద తోటలో చెట్లన్నీ పడిపోయాయి. ఇంటిని ఆనుకుని ఉన్న పై తోట చాలామటుకు నిలబడింది. కింద తోటను జగన్నాధం ట్రాక్టరు పెట్టి బోడి చేయించాడు. మొద్దులు పెరికించి, తుప్పలు తగలబెట్టి, వేరు ముక్క కూడా లేకుండా ఏరించి కొత్త కొబ్బరి మొక్కలు నాటాడు. ఏడాదికి రెండుసార్లు దున్నించేవాడు, గడ్డి మొలిస్తే మందు కొట్టించేవాడు. అలికిన వాకిలిలా ఉండేది నేల. యూరియా వేశాడు, నీళ్ళు పెట్టాడు. మొక్కలు మాత్రం పసుపుపచ్చగా, నడుము ఎత్తున ఆగిపోయి, ఒక్క గెలైనా వెయ్యకుండా ఏళ్ళు గడిపేశాయి.

అక్కడికి మాట కూడా చేరేది కాదు. పై తోటలో బయల్దేరిన మాట బోడి నేల గట్టు దగ్గరకొచ్చి ఆగిపోయేది. జగన్నాధం పగలంతా అక్కడే ఉండేవాడు. గోవిందు ఒకసారి భార్యతో అన్నాడు: "మా నాయినకి ఆ తోట అందుకే ఇష్టం. ఎవుల మాటా రాదక్కడికి."

అలాంటి మనిషి ఒకనాటి సాయంత్రం కొడుకుని పిలిచి, కింద తోట రొయ్యల చెరువులకిచ్చేస్తున్నానని చెప్పాడు. తీసుకునేవాడు నరసింగరావు. సొంతూరు శృంగవరపుకోట అయినా తీరం వెంట చెరువులు తవ్వించుకుంటూ వస్తున్నాడు.

"ఉప్పునీళ్ళు పెడితే మరింకేటీ మొలవదు నాయినా" అన్నాడు గోవిందు.

"ఇప్పుడు మాత్రం ఏటి మొలిసింది?" అన్నాడు జగన్నాధం.

గోవిందు కొబ్బరికాయల లారీ నడుపుతాడు. బేరాలు, రోడ్లు తెలుసు గానీ తండ్రితో వాదించడం తెలీదు. దుర్గాభవాని మాత్రం అన్నీ వింటూ చేప తోముతోంది. చేతులు కడుక్కుని లేచి, పై తోటలోకి వెళ్ళి, మావగారు రోజూ బొండం తెంపుకునే చెట్టు మొదట్లో కూచుంది.

"మావా, కింద తోట సెరువులకియ్యొద్దు. నాకొదిలీండి. సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని, ఉప్పునీళ్ళ సంగతి మీకంటే నాకెక్కువ తెల్సు. అది ఒకసారొచ్చిందంటే పోదు."

మర్నాడు జవాబు వచ్చింది. అంత చిన్న మాట ఆమె ఎప్పుడూ తాగలేదు.

"ఆ పిల్లకి సెప్పు. రెండు వానాకాలాలు."

*

గోవిందుకి భయం వేసింది గానీ, ఆమెకు వెయ్యలేదు. ఆమెకు తెలిసిందల్లా ఒక్కటే: పై తోటలో ఉన్నదేదో కింద తోటలో లేదు. ఉన్నచోటి నుంచి లేనిచోటికి మొయ్యాలి, అంతే.

ఏం మొయ్యాలో చెప్పింది భారతి. ఆమె కొబ్బరి పరిశోధన చేసే ఆఫీసులో మొక్కల డాక్టరు. కొబ్బరికి పట్టిన ఎర్రనల్లి పురుగు చూడటానికి ఊళ్ళోకి వస్తే గోవిందు బతిమాలి తీసుకొచ్చాడు. ఆమె కింద తోటలో ఒక మొక్క వేరు, పై తోటలో ఒక చెట్టు వేరు తవ్వి తీసి, రెండూ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని భూతద్దంతో చూసింది.

"ఇది చూడమ్మా" అని దుర్గాభవాని చేతికి అద్దం ఇచ్చింది. పై తోట వేరు చుట్టూ వెండి నూగులా తెల్లపీసు. కింద తోట వేరు గోరులా నున్నగా ఉంది.

"ఇదొక రకం బూజు. చెడ్డది కాదు. చెట్టు ఆకులో వండుకున్న తీపిలో దీనికి కొంచెం పెడుతుంది. చెట్టు వేరు చేరలేని సందుల్లోకి ఇది పాకి తడీ, సత్తువా తెచ్చి చెట్టుకిస్తుంది. ఒకళ్ళు లేకపోతే ఇంకొకళ్ళు బతకలేరని కాదు గానీ, ఇదిగో, ఇలా బతుకుతారు" అని పసుపుపచ్చని మొక్కల్ని చూపించింది.

"మరి అక్కడెందుకు సచ్చిపోయింది?"

"దున్నితే తెగిపోతుంది. మందు కొడితే కలుపు చస్తుంది, దాంతో పాటే దీని కూడూ పోతుంది. కొబ్బరి వేర్లు ఒక్కటే సరిపోవు దీనికి. మధ్యలో పసుపు, కంద, అరటి, బొబ్బర్లు, ఏవో ఒకటి ఏడాది పొడుగునా వేరు వదుల్తూ ఉండాలి. ముందు నీ పెద్ద చెట్ల మొదట్లోంచి వేర్లతో సహా మట్టి తెచ్చి ఈ పాదుల్లో వెయ్యి. మా లాబులో పెంచిన బూజు మట్టి సంచీ ఒకటి పంపిస్తాను, అదీ కలుపు."

దుర్గాభవాని తలాడించి వంటకి వెళ్ళింది. కాసేపటికి భారతి పై తోటలో బొండం తాగుతూ ఉలిక్కిపడి నవ్వింది. "వస్తున్నానమ్మా భోజనానికి, చేతులు కడుక్కుని" అని గాల్లోకే జవాబిచ్చి ఇంటివైపు నడిచింది.

ఆ వానలు పడగానే పని మొదలైంది. పెద్ద చెట్టుకు దెబ్బ తగలకుండా ఒక పక్క మాత్రమే గునపంతో పెళ్ళగించి, నల్లటి మట్టిని, తెల్లపీసు పట్టిన సన్నవేళ్ళని గంపకెత్తుకుంటుంది. పైన తడి గోనె కప్పుకుని గట్టు దిగుతుంది. ఒక్కో మొక్క పాదు వేళ్ళతో వదులు చేసి, ఆ మట్టి వేసి, భారతి పంపిన దాన్ని పైన చల్లి, కొబ్బరి మట్టలతో కప్పుతుంది. మొక్కల మధ్య పసుపు, కంద పెట్టింది. బోదెల మీద బొబ్బర్లు జల్లింది. గట్టు వెంట అనాస, నీరు నిలిచే చోట అరటి. చేపల గంప దించి వచ్చిన రోజున అసిరమ్మ కూడా కూతురితో కలిసి మోసేది.

"సేపలు మోసీ మోసీ నా నెత్తి అరిగిపోయింది. మట్టి మొయ్యడం కూడా నా నుదుటనే ఉందేటే?" అని గొణిగేది.

"మట్టి వాసన రాదు కదే అమ్మా" అనేది దుర్గాభవాని.

జగన్నాధం అటు పోవడం మానేశాడు. పై తోటలో, ఏ పనీ లేకుండా, చెట్టుకి ఆనుకుని కూచుని కిందికి చూసేవాడు. ఆమెకి పంపే మాటలు కూడా తగ్గిపోయాయి.

మొదటి ఎండాకాలం గట్టి దెబ్బే కొట్టింది. పై తోట మట్టి అందని చివరి వరసల్లో పసుపు మాడిపోయింది. అరటి పిలకలు సగం వాలిపోయాయి. ఇరుగుపొరుగు అయ్యో పాపం అంటూ వచ్చి చూసిపోయారు. ఆమె మాత్రం మట్టలు తొలగించి మొక్క మొదట్లో వేలు పెట్టి చూసుకునేది. పై నేల పెనంలా కాలుతున్నా, మట్టల కింద మట్టి చల్లగా, పిడికిట పడితే ముద్దయ్యేలా ఉంది. అందులో, వెంట్రుక కంటే సన్నంగా, తెల్లటి పోగు ఒకటి కొబ్బరి వేరు మీంచి కంద వేరు మీదికి దాటుతోంది. అది చూసిన రోజున ఆమె ఎవరికీ చెప్పలేదు. చేపల పులుసు రెండు ముద్దలు ఎక్కువ తింది.

ఆ వారంలోనే ట్రాక్టరు వచ్చింది. వేసవి దుక్కికి ప్రతి ఏటా వచ్చే లక్ష్ముడు అలవాటు ప్రకారం నాగలి తగిలించుకుని నేరుగా కింద తోటలోకి దిగాడు. జగన్నాధం గట్టు మీద నిలబడి చూస్తున్నాడు, రమ్మన్నది ఆయనే. రెండో వరస వైపు బండి తిరిగేసరికి దుర్గాభవాని పరుగున వచ్చి ముందు నిలబడింది.

"బండాపు లక్ష్ముడు బాబూ."

"మీ మావగారు దున్నమన్నారమ్మా."

ఆమె గట్టు వైపు తిరిగింది. చెట్టుకి చెప్పి, ఆయన బొండం తాగేదాకా ఆగే వ్యవహారం కాదది. కోడలిగా వచ్చాక మొదటిసారి ఆయన మొహంలోకి సూటిగా చూసి మాట్లాడింది.

"మావా! రెండు వానాకాలాలన్నారు. ఒకటే అయింది. ఇప్పుడు నాగలెడితే ఏడాదంతా అల్లుకున్నది తెగిపోతాది. దున్నాలంటే ముందు నా మీంచి దున్నమనండి."

ఇంజను దడదడలాడుతోంది. జగన్నాధం ఆమె వైపు చూడలేదు. ఆమె కాళ్ళ దగ్గర, నాగలి కర్రు లేపిన తొలి చాలులో పెళ్ళ ఒకటి తిరగబడి ఉంది. దాని నిండా తెల్లగా పోగులు. ఆయన దాన్నే చాలాసేపు చూశాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి లక్ష్ముడికి ఊపాడు.

"ఎలిపోరా. ఈ ఏడు ఒద్దు."

రెండో వానాకాలంలో కొబ్బరి మొక్కల మువ్వలో, నడిమి చిగురులో, పచ్చదనం వచ్చింది. వచ్చిన ప్రతి కొత్త ఆకూ ముందుదాని కంటే పొడవు. కంద తవ్వితే ఒక్కో గడ్డ గోవిందు రెండు చేతులా పట్టుకోవాల్సొచ్చింది. వానలు వెనకపట్టాక ఒక ఉదయం నాలుగో వరసలో మొక్క మట్టల సందులోంచి గెల విచ్చుకుంది. ఆ తర్వాత పక్కది, ఆ తర్వాత దాని పక్కది. పిందెలు నిలబడ్డాయి. రెండు వానాకాలాలైపోయాయని జగన్నాధం అనలేదు, ఆమె గుర్తు చెయ్యలేదు. కాయలు బొండాలయ్యేదాకా ఇద్దరూ నోరెత్తలేదు.

నోరెత్తినవాడు నరసింగరావు. వేసవి మొదట్లో, ఎండ ఇంకా ముదరకముందే, కొలతలు తీసే మనిషిని వెంటబెట్టుకుని కారులో దిగాడు. మనిషి మర్యాదస్థుడు. గట్టు మీదే చెప్పులు విప్పి తోటలోకి దిగి, చుట్టూ చూసి, "ఇదేటండీ జగన్నాధంగారూ, బోడి నేలన్నారు, ఇక్కడ అడివి పెంచీసేరు" అన్నాడు.

వచ్చినవాడికి ముందు దాహం తీర్చాలి కదా. జగన్నాధం కిందికి వంగి, నాలుగో వరసలో ఆ మొదటి గెల నుంచి రెండు బొండాలు తెంపాడు. కింద తోటలో తుఫాను తర్వాత తెంపిన తొలి కాయలవి. ఒకటి నరసింగరావుకి కొట్టి ఇచ్చి, రెండోది తను ఎత్తాడు.

గోవిందు, దుర్గాభవాని అరటిచెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. ఆమెకి మావగారి గొంతుముడి ఒకసారి కదలడం కనిపించింది. తర్వాత కదల్లేదు. బొండం పెదాల దగ్గరే ఉంది. నీళ్ళు గడ్డం మీంచి మెడ మీదికి కారుతున్నాయి. ఆయన బొబ్బరి తీగల మీదే కూలబడిపోయాడు.

"నాయినా!" అని గోవిందు ఉరికాడు. జగన్నాధం చెయ్యెత్తి ఆగమన్నాడు. ఆ చెయ్యే దుర్గాభవాని వైపు తిప్పి, బొండం చాచాడు.

"ఇలా రా. తాగు. నీక్కూడా ఉన్నాది."

చెట్టుకి కాదు, ఆమెకే చెప్పాడు. ఆమె వచ్చి, బొండం రెండు చేతులా పట్టుకుని తాగింది. నాలుక మీదికి వచ్చిన గొంతు కూర్మమ్మది.

"ఓలమ్మీ దుర్గా, ఆ మొండోడి కోసం కూకోకే. నువ్వు తినీ. కడుపు మాడ్సుకోకు."

ఆమెకి వెంటనే అందలేదు. తర్వాత ఆ మధ్యాహ్నం మొత్తం ఒక్కసారిగా వచ్చి మీద పడింది. తుఫానుకి ముందురోజు. కొత్త కోడలిగా ఆ ఇంట్లో మొదటిసారి పులుసు వండింది. మావగారు వచ్చి తింటే గానీ ముట్టనని పంతం పట్టి కూచుంది. ఆయన ఆ రోజు అలిగి ఎక్కడికో వెళ్ళిపోయాడు. అత్త నవ్వుతూ కింద తోటలోకి వెళ్ళడం, పెద్ద చెట్టు మొదట్లో కూచోవడం కిటికీలోంచి కనబడింది. ఆ రాత్రే గాలి లేచి చెట్లు పడిపోయాయి. పడిపోయిన చెట్ల కింద, తెగిన పోగుల్లో, ఎవరికీ చేరకుండా ఆ పిలుపు నేలలో ఉండిపోయింది. ఇన్నేళ్ళకి దానికి దారి దొరికింది.

"మీకేటన్నాది?" అని అడిగింది మెల్లగా.

జగన్నాధం తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఏటంటాది? ఎక్కడ కూకున్నావు, పొద్దు నెత్తి మీదికొచ్చీసింది అన్నాది. పిల్ల పులుసొండినాది, నువ్వు తింటే గానీ తిననంటన్నాది, దానికీ తినీమని ఓ మాట సెప్తన్నాను, కోపం రేపు పడుదువు గాని, వచ్చీ అన్నాది." దగ్గు వచ్చింది. "రాలేదు నాను. మీ పిన్నత్త ఊరెల్లి కూకున్నాను. మర్నాడొచ్చీసరికి..."

నరసింగరావు సగం తాగిన బొండం చేతిలో పట్టుకుని, కొలతల మనిషిని కాస్త దూరం తీసుకెళ్ళి నిలబడ్డాడు. ఆయన బొండంలో ఉన్నవి ఉత్త తీపి నీళ్ళే. అయినా విషయం అర్థమైనట్టుంది. జగన్నాధం లేచి నిలబడ్డాక దగ్గరకొచ్చి, "మరి నేల సంగతి...?" అన్నాడు, అడగాలా వద్దా అన్నట్టు.

"నన్నడగొద్దు బాబూ. తోట ఆవిడిది. ఆవిడ్నడుగు."

నరసింగరావు తిరిగి చూశాడు. గోవిందు కూడా చూశాడు. దుర్గాభవాని తడబడలేదు.

"ఇయ్యలేమండి. తప్పుగా అనుకోకండి. అంతదూరం నుంచొచ్చేరు, మీకేటైనా కొబ్బరుందా ఊళ్ళో?"

"మా నాన్నగారు పెట్టినవి ఉన్నాయమ్మా, కొండ మొదట్లో. కాపు లేదు. కొట్టీమంటన్నాడు మా తమ్ముడు."

"కొట్టించీకండి" అంది ఆమె. అరటి మొదట్లో గంప తీసుకుని, తోటలో అన్నిటికంటే బలంగా ఉన్న మొక్క పక్కన కూచుని, చేతులతోనే మట్టి తవ్వింది. తెల్లపీసు చెదరకుండా వేర్లతో సహా గోనెసంచిలోకి ఎత్తి, పైన తడి ఆకులు కప్పి, మూతి కట్టి ఇచ్చింది. "ఎండ తగలనీకుండా పట్టుకెళ్ళండి. పాదులో ఏసి, సుట్టూ పసుపు పెట్టండి, కంద పెట్టండి. దున్నొద్దు. ఇంక దాని పని అది సేసుకుంటాది."

నరసింగరావు ఆ సంచిని డిక్కీలో పెట్టలేదు. ముందు సీట్లో కూచుని ఒళ్ళో పెట్టుకున్నాడు. కారు ఎర్రమట్టి దారిలో జీడితోటల మలుపు తిరిగేదాకా ముగ్గురూ చూస్తూ నిలబడ్డారు.

తర్వాత జగన్నాధం ముందు నడిచాడు. పై తోట దాటి, పెరటి గుమ్మం ఎక్కి, కాళ్ళు కడుక్కుని, వంటింటి ఎదురుగా పీట తనే వాల్చుకుని కూచున్నాడు. ఇన్నేళ్ళూ గోవిందు వడ్డిస్తే తప్ప తినని మనిషి. దుర్గాభవాని కంచం తెచ్చి ముందు పెట్టింది. అన్నం పెట్టి, పొద్దున్న వండిన నెత్తళ్ళ పులుసు పోసింది. ఆయన ముద్ద కలిపి ఆగాడు.

"నువ్వు తిన్నావా?"

"లేదు మావా."

"అయితే కంచం తెచ్చుకో" అన్నాడు. ఆమె కంచం తెచ్చుకుని, ఎదురుగా కూచుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా జగన్నాధం తన ముద్ద అలాగే చేతిలో పట్టుకుని ఉన్నాడు.